బంపరునకు రంగు వేసిన విధము

గడచిన ఆషాఢమాసమున మా తమ్ముడు తన కారును నా యింటిముందు నిలిపి, తాళపుచెవి నా చేతిలో నుంచి, "అన్నా, వాన పడింది. పదును ఆరేలోపల విత్తనం వేసి పదిరోజుల్లో వస్తాను. బండి మాత్రం బయటికి తీయద్దు" అని చెప్పి బస్సెక్కి ఊరికి పోయెను. నేను తెలుగు అయ్యవారిని. ఇరువదిరెండు సంవత్సరములనుండి బాలురకు సంధులును సమాసములును చెప్పుచున్నవాడను. కారు నడపుట నలువదియేడవ యేట నేర్చుకొంటిని. క్రొత్తగా నేర్చిన విద్య చేతులలో ఊరకుండదు గదా. మూడవనాటి యుదయమున, మోయుటకు భారమైన పుస్తకముల కట్టలు రెండున్నవను నెపము కల్పించుకొని ఆ కారును బయటికి తీసితిని.

పోవునప్పుడేమియు కాలేదు. తిరిగివచ్చి యింటిముందు వెనుకకు నడపుచుండగా, వీధిమూల పాతియున్న రాతికూసమొకటి వెనుక బంపరును ఒరసికొనెను. గరగరమను ఆ చప్పుడు నా చెవులలో గాక పండ్లలో వినబడినది. దిగి చూడగా కుడిమూలయందు జానెడున్నర మేర వెండిరంగు లేచిపోయి, లోపల నల్లనిదేదో కనబడుచుండెను. ఇనుము కనబడునని తలచిన నాకు ఆ నలుపు అర్థము కాలేదు. వ్రేలితో తట్టితిని. ఖాళీడబ్బా చప్పుడు వచ్చెను.

నా చిన్నతనమున అనంతపురపు కచేరీల యెదుట నిలిచియుండెడి అంబాసిడరు కార్లకు ఉక్కు బంపర్లుండెడివి. క్రోమియపు పూతతో అవి అద్దములవలె మెఱయుచుండగా, మేము పిల్లలము వానిలో మా మొగములు వంకరగా సాగుట చూచి నవ్వుకొనెడివారము. ఆ కారు తయారీ 2014లో నిలిచిపోయినది. ఇప్పటి బంపర్లలో పెక్కు పాలీప్రొపిలీను అను ప్లాస్టిక్కుతో చేసినవి. 1954లో ఇటలీ దేశస్థుడైన జూలియో నట్టా ఈ పదార్థమును గట్టిరూపమున సాధించెను. 1963లో ఆయనకును జర్మనీవాడైన జీగ్లరునకును కలిపి నోబెల్ బహుమానము లభించినది. ప్లాస్టిక్కు బంపర్లతో వెలువడిన తొలికార్లలో 1972 నాటి ఫ్రెంచి కారు రెనో 5 యొకటి. చిన్నదెబ్బ తగిలిన వంగి మరల తన రూపునకు వచ్చుట ప్లాస్టిక్కు గుణము. మా బంపరును అట్లే తన రూపునకు వచ్చినది. రంగు మాత్రము రాతికూసమునకు అంటుకొని యుండెను.

ఇంత చిన్నవిషయమునకు నేను ఆ రాత్రి నిద్రపోలేదన్న చదువరులు నవ్వవచ్చును. కారణము చెప్పవలయును. మా నాయనగారు విడిచిపోయిన ఏడెకరముల ఎఱ్ఱనేలను మా తమ్ముడే దున్నుచున్నాడు. ఇద్దఱిని చదివించు శక్తి ఇంటికి లేనప్పుడు, వాడు పదవతరగతితో బడి మానెను. నేను కళాశాలకు పోయితిని. మా సీమ పడమటి కనుమల చాటున నుండుటచేత నైరృతి మేఘములు ఇక్కడికి వచ్చునప్పటికి ఖాళీయగును. తూర్పుసముద్రపు వానలు ఇంతదూరము నిండుగా రావు. సాలుకు సుమారు 550 మిల్లీమీటర్ల వానతో, దానిలోను పడవలసిననాడు పడనిదానితో, వాడు ఏటేట చెనిక్కాయ విత్తి ఏటేట నష్టపడెను. మూడేండ్ల క్రిందట అప్పుచేసి, ఒకరు వాడి విడిచిన ఈ కారు కొని బాడుగకు త్రిప్పుదునని చెప్పినప్పుడు, నేను పదిమందిలో "సేద్యగానికి కారెందుకురా?" అంటిని. "అన్నా, వాన నా మాట వినదు. కారు వింటుంది" అని వాడు లేచిపోయెను. ఎనిమిది నెలలు నా గడప త్రొక్కలేదు. తరువాత కలిసితిమి గాని, ఆ మాటను ఇద్దఱమును మరల ఎత్తలేదు. కారు తాళపుచెవిని వాడు నాకిచ్చుట ఇదే మొదటిసారి. ఆషాఢమున పెండ్లిండ్లు లేవు గనుక బండి ఊరకుండెను; శ్రావణము తొలివారముననే ఒక పెండ్లికొడుకును ఊరేగించుటకు బయానా తీసికొని యుండెను.

"ఫోను చేసి చెప్పండి. మఱిది ఏమీ అనడు" అని నా భార్య చెప్పెను. వాడేమియు అనడనియే నాకు భయము.

మఱునాడు రంగులువేయు ఒక కార్ఖానాకు పోయి యడిగితిని. శ్రావణపు పెండ్లిండ్లకై ముందే వచ్చిన బండ్లున్నవి, ఇరువది రోజులు ఆగవలయుననిరి. అప్పుడు నాకొక దుర్బుద్ధి పుట్టినది. కిటికీ కమ్మీలకు నేను రంగు వేసితిని గదా, ఇది మాత్రమెంత యనుకొంటిని. అంగడిలో వెండిరంగు చిమ్ముడుడబ్బా యొకటి కొని, తలుపు నునుపుచేయగా మిగిలిన కఱకు గరుకుకాగితముతో గీతలను రుద్ది, మిట్టమధ్యాహ్నము వీధిలో నిలుచుండి చిమ్మితిని. సాయంకాలపు వెలుగులో అది చక్కగనే యుండెను. నేను రెండు సారులు చుట్టుదిరిగి చూచుకొంటిని. తెల్లవాఱి చూడగా ఉప్మారవ్వ చల్లినట్లు దుమ్ము అంటియుండెను. ఆషాఢపు గాలి సంగతి మా జిల్లావారికి చెప్పనక్కఱలేదు. రామగిరి కొండలమీద గాలిమరలు నిలిపినది ఊరకే కాదు. ఆ రవ్వ నొకదానిని గోటితో గిల్లగా అరచేతిమేర రంగు ఉల్లిపొరవలె ఊడి నా చేతికి వచ్చెను.

మరియొక డబ్బా కొనుటకు అంగడిలో నిలుచుండగా, ప్రక్కన థిన్నరు కొనుచున్న యువకుడొకడు "అయ్యవారూ, గేటుకా?" అనెను. చూచితిని. అతడు నా పూర్వవిద్యార్థి. తొమ్మిదవతరగతి పూర్తికాకమునుపే బడి మానినవాడు. ఇప్పుడు కార్లకు రంగువేయు పనివాడు. నేను ఛందస్సు చెప్పుచుండగా నోటుపుస్తకము నిండ బస్సులును గుఱ్ఱములును గీయుచుండెడివాడు. ఒకనాడు ఆ పుస్తకమును తరగతికంతకు ఎత్తిచూపి, "చేతులకు రంగు పూసికొనుట తప్ప నీకేమియు రాదు" అని నేనన్నమాట నాకు తటాలున జ్ఞప్తికి వచ్చెను. అతనికిని జ్ఞప్తియందున్నదో లేదో ఆ మొగము చూచి తెలిసికొనలేకపోతిని. "గేటుకు కాదు, కారు బంపరునకు" అంటిని. అతడు నవ్వలేదు. డబ్బాను నా చేతినుండి తీసి అంగడివానికి తిరిగియిచ్చి, "పదండి, చూస్తాను" అనెను.

ఇకమీద అతని మాటలను అతడు పలికినట్లే వ్రాయుచున్నాను. గ్రాంథికమున పెట్టిన వానిలోని రుచి పోవును.

"అయ్యవారూ, ఇది ఇనుముకు పూసే రంగు. ప్లాస్టిక్కు తామరాకు మాదిరి. దేన్నీ పట్టుకోదు." బంపరును చూచి అతడు మొదట చెప్పినదిది. పాలీప్రొపిలీను ఉపరితలమునకు ఇతరపదార్థములను ఆకర్షించు శక్తి మిక్కిలి తక్కువ. దానిమీద ద్రవము పఱచుకొనక ముద్దలుగా నిలుచును. అందుచేతనే కర్మాగారములలో రంగునకు ముందు బంపరుపైని మంటను ఒక్కక్షణము ఆడించి ఆ శక్తిని పెంచుదురు. మా పెనుకొండ చెంత ఎఱ్ఱమంచియొద్ద 2017లో ఒప్పందము కుదిరి 2019లో కార్లు వెలువరించుటకు మొదలిడిన కియా కర్మాగారమును బస్సు కిటికీనుండి చూచినవారు మాలో చాలమంది కలరు గాని, కారునకు రంగెట్లు పట్టునో ఆలోచించినవారు తక్కువ. కార్ల ఉక్కుశరీరమునకు వేసిన పూతను కొలిమిలో 140 డిగ్రీలకు పైగా కాల్చుట కలదు. అంతవేడికి ప్లాస్టిక్కు వంగిపోవును గనుక, సాధారణముగా బంపరునకు వేఱుగా, సుమారు 80 డిగ్రీలలో, ఆరు రంగు వేయుదురు. క్రొత్తకారునందును బంపరు రంగు ఒడలి రంగుతో వెండ్రుకవాసి భేదించుటకు ఇది యొక కారణమట.

నేను అతడే పనియంతయు చేయునని తలచితిని. అతడు "మీరే చేయండి. నేను చెప్తా" అని, రోజును పని ముగిసినపిదప సాయంకాలము వచ్చి అరుగుమీద కూర్చుండెడివాడు. గురుస్థానము మాఱినది. నేను నేలమీద కూర్చుంటిని.

మొదట స్క్రూలు తీసి, ప్లాస్టిక్కు మేకులను విఱుగకుండ ఊడదీసి, బంపరును దించి రెండు పీటలమీద నుంచితిమి. సబ్బునీటితో రెండుమాఱులు కడిగించెను. పిమ్మట జిడ్డుతీయు ద్రవముతో తుడిపించెను. ముందుగా కడుగక రుద్దిన జిడ్డు గీతలలోనికి దిగి మఱి బయటికి రాదట. తరువాత గరుకుకాగితము. దీని అంకె పెరిగినకొలది మెత్తన. తొలుత నేను వాడినది 80, కఱ్ఱకు తగినది. అతడు 320తో మొదలుపెట్టించి 400, 600 వఱకు తెచ్చెను. లోతుగీతలకు వంగినను పగులని ప్లాస్టిక్కు పుట్టీ పెట్టి మరల రుద్దించెను. నునుపైనదని నేను మూడుసారులు చెప్పితిని. మూడుసారులును అతడు "కండ్లు మూసుకొని అరచెయ్యి పెట్టి చూడండి" అనెను. కన్నులు మూసికొనగా, కంటికి కనబడని గట్టు అరచేతికి తగిలెను. నాలుగవసారి తగులలేదు. అప్పటికి నా వ్రేళ్ల కొసలు మంటపుట్టియుండెను; రెండు సాయంకాలములు గడచెను.

ఇక ప్రైమరు. నల్లని ప్లాస్టిక్కు బయటపడినచోట మొదట ప్లాస్టిక్ ప్రైమరను పలుచని, నీటివంటి ద్రవమును చిమ్మవలెను. అది ఇటు ప్లాస్టిక్కును పట్టుకొని అటు రంగును పట్టుకొనును. దానిపైని మామూలు ప్రైమరు వేసి, ఆరినపిమ్మట తడికాగితముతో 800 అంకెకు నునుపుచేయవలెను. "ఇది కనపడదు అయ్యవారూ. కానీ ఇది లేకుంటే పైదంతా ఊడొస్తుంది" అని అతడు చెప్పుచుండగా, నాకు యడాగమము స్ఫురించెను. రెండచ్చులు కలియ నొల్లనిచోట నడుమ యకారము వచ్చి నిలుచును. మా అమ్మ యన్నది మాయమ్మ యగును. ఇరువదిరెండేండ్లుగా నేను చెప్పుచున్న పాఠమిది. అతనితో అంటిని. అతడు కొంచెముసేపు ఊరకుండి, "ఆ పొద్దు ఇట్ల చెప్పింటే నాకు తెలిసేది కదా" అనెను. దెప్పుటకు అన్నమాట కాదు. అందుచేత మఱింత నొచ్చెను.

మా జిల్లావారు రంగు పట్టని వస్తువునకు రంగు పట్టించుట ఎఱుగనివారు కారు. హిందూపురము చెంతనున్న లేపాక్షి గుడికప్పున పదునాఱవ శతాబ్దపు చిత్రకారులు వట్టిరాతిమీద చిత్రములు వ్రాయలేదు. మొదట సున్నపుగార పూసి, దానిపైని వ్రాసిరి. ధర్మవరము దరినున్న నిమ్మలకుంటలో తోలుబొమ్మలవారు మేకతోలును శుభ్రపఱచి, ఆరబెట్టి, పారదర్శకముగా చేసినగాని కుంచె పట్టరు. ఆ యూరి కళాకారులైన దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ వచ్చినది. తోలును వంగును, ప్లాస్టిక్కును వంగును. వంగుదానిపై పూత నిలుచుట వారికి తాతలనాటి విద్య. నేను వీనిని ఎన్నిమాఱులో పిల్లలకు చూపితిని. రంగు క్రింద ఏమున్నదని ఒక్కసారియు అడుగనైతిని.

వెండిరంగు తెచ్చుట యొక కథ. కారు తలుపుదగ్గఱి చీటీమీద రంగు సంకేతముండును. దానినిబట్టి అంగడివారు తూకముతో కలిపి యిచ్చెదరు. తెల్లకారైన పని సుళువట. వెండిరంగులో అల్యూమినియపు సన్నని రేకులుండును. అవి పండుకొన్న తీరునుబట్టి వెలుగు మాఱును. కావున గీతపడిన మూలకు మాత్రమే వేసిన అతుకు కనబడును. బంపరంతయు అంచునుండి అంచువఱకు వేయవలసినదే.

ఏ వేళ వేయవలయునను ప్రశ్నకు అతని జవాబు, "కాకులు లేవకముందే". ఎండవేళ రంగు తుంపర గాలిలోనే ఆరి పొడియై పడును, నిమ్మతొక్కవలె గఱుకుతేలును. గాలివేళ దుమ్ము సంగతి నాకు తెలిసినదే. తొమ్మిదవనాడు తెల్లవాఱుజామున ఇంటివెనుక కొట్టములో నేలకు నీరు చల్లి, తెఱచిన వాకిళ్లకు తడిపిన గోనెపట్టలు వ్రేలాడదీసితిమి. పొడిగుడ్డతో తుడువబోగా అతడు వారించెను. రుద్దిన ప్లాస్టిక్కునందు విద్యుత్తు పుట్టి దుమ్మును పిలుచునట. చేతిరుమాలు కాక బొగ్గువడపోత గల ముసుగును మొగమునకు కట్టెను. జానెడు దూరమున డబ్బాను పట్టి, బంపరు మొదలుకాకముందే చిమ్ముట మొదలిడి, చివర దాటినపిమ్మట ఆపి, ప్రతిపట్టెయు ముందుపట్టెలో సగమును కప్పునట్లు నడువవలయును. మొదటిపూత పలుచగ పడినది. పదునైదు నిమిషము లాగి రెండవది వేయుచుండగా, నడుమ నేను "చాలునా?" యని అడుగుటకు తల త్రిప్పితిని. తల తిరిగినది, చేయి నిలిచినది. అక్కడ రంగు చిక్కపడి కన్నీటిచుక్కవలె క్రిందికి కారెను.

నేను గుడ్డ తీయబోతిని. "ముట్టద్దు!" అని అతడు కేకవేసెను. గురువును శిష్యుడు అట్లు కసరుకొనుట మా బడిలో జరిగియుండదు. పూర్తిగా ఆరనిచ్చి, మెత్తనికాగితముతో ఆ చుక్కను దించి, మరల పైపూత వేయుటయే మార్గము. రుద్దినచోట రేకులు చెదరును గనుక దానిని అట్లే విడువరాదు.

మేము ఆ చుక్కను చూచుచు కూర్చుండియుండగా గోనెపట్ట తొలగినది. మా తమ్ముడు. చంకను సంచి, కాళ్లకు ఎఱ్ఱమట్టి. ఒకనాడు ముందుగా వచ్చినాడు. వీధిలో బంపరులేని కారును చూచియే లోపలికి వచ్చినాడు.

నేను ముసుగు తీసితిని. సిద్ధము చేసికొన్న మాటలన్నియు పోయినవి. "బండి బయటికి తీసితినిరా. కూసమునకు కొట్టితిని" అంటిని. వాడు బంపరును చూచెను. నా చేతులను చూచెను. అవి మోచేతులవఱకు వెండిగా ఉండెను. "పదిమందిలో నిన్ను కారెందుకని అన్నవాడను నేనే, దానిని గీరినవాడను నేనే" అని కూడ అంటిని. మూడేండ్లలో ఆ మాట మొదటిసారి మా నడుమ వెలికివచ్చెను.

వాడు పీటయొకటి లాగికొని కూర్చుండెను. "అన్నా, నేనూ ఒకటి చెప్పల్ల. విత్తనానికి దుడ్డు ఉందని నీతో అంటిని కదా. లేదు. మీ మరదలి కమ్మలు బ్యాంకులో పెట్టినా. మొలక వచ్చింది. వాన మళ్లా రాలేదు." అప్పుచేసి చెనిక్కాయ విత్తనని వాడు నాకు మాట యిచ్చియుండెను. నేను కారు తీయనని వానికి మాట యిచ్చితిని. ఇద్దఱమును నేల చూచుచుంటిమి. నా శిష్యుడు లేచి, మాకు టీ తెచ్చెదనని బయటికి పోయెను. ఆ టీ తెచ్చుటకు అరగంట పట్టెను. అంతసేపు ఎందుకు పట్టినదో నాకు తెలియును.

మఱునాటి తెల్లవాఱుజామున మిగిలిన పూతలు మా తమ్ముడును నేనును వంతులువారీగా వేసితిమి. వాని చేయి నాకన్న నిలుకడగా నడచినది. గొఱ్ఱువెంట నడచిన చేయి. మెఱుపుపూత మాత్రము మా శిష్యుడు మమ్ముల వేయనీయలేదు. గట్టిగా నిలుచు పూతలో కలుపు గట్టిద్రవమునందు ఐసోసైనేటులుండును. వాని తుంపర ఊపిరితిత్తులలోనికి పోయిన ఉబ్బసము వచ్చును. ఒకసారి పడనివారికి ఆపై రవ్వంత తగిలినను ఆయాసము పుట్టును. బొగ్గుముసుగు దానికి చాలదు, గొట్టముద్వారా మంచిగాలి వచ్చు ముసుగు కావలయును. యజమాని అనుమతితో బంపరును తన కార్ఖానాకు కొనిపోయి, అతడే ఆ పూతవేసి తెచ్చెను.

కూలి ఎంతయని అడిగితిని. దుడ్డు వలదనెను. సార్వత్రిక పాఠశాలద్వారా పదవతరగతి పరీక్ష కట్టదలచితిననియు, లెక్కలకు భయము లేదనియు, తెలుగే భయమనియు చెప్పెను. నేనప్పుడు అతనిని అడిగితిని, ఆనాడు తరగతిలో నేనన్నమాట జ్ఞప్తియందున్నదా యని. "ఉంది అయ్యవారూ" అనెను. తప్పు నాదంటిని. అతడు మొగము ప్రక్కకు త్రిప్పి బంపరు అంచును గుడ్డతో తుడిచెను. అక్కడ తుడువవలసిన దేమియు లేదు. ఆదివారములయందు ఇప్పుడు వచ్చుచున్నాడు. సంధులు తొందరగనే పట్టుపడినవి. ఛందస్సు ఇంకను పట్టుపడలేదు.

శ్రావణమున రెండు వానలు పడినవి. పంట సగము చేతికి వచ్చెను. కమ్మలు ఇంకను బ్యాంకులోనే యున్నవి. మిట్టమధ్యాహ్నపు టెండలో ప్రక్కనుండి చూచిన, బంపరు రంగు కారు రంగుకన్న ఇసుమంత చిక్కగా కనబడును. చెప్పినగాని ఎవ్వరును గుర్తింపరు, నేను మాత్రము అందఱికిని చెప్పుచున్నాను. క్రొత్తపూతమీద నెలదినములు అంటుకాగితము పెట్టరాదని మా శిష్యుడు హెచ్చరించి యుండెను. పెండ్లినాడు ఆడపెండ్లివారి పిల్లలు వధూవరుల పేర్లు వ్రాసిన చీటీని వెనుక బంపరునకు అంటింపబోగా, మా తమ్ముడు పరుగెత్తివచ్చి చేయి అడ్డుపెట్టి, "అద్దానికి అంటించండప్పా, అది మా యన్న వేసిన రంగు" అనెనట.